పాత దుప్పట్ల గది

మా లాండ్రీలో శనివారం పని మధ్యాహ్నం మూడింటికే అయిపోతుంది. ఆసుపత్రుల దుప్పట్లూ, హోటళ్ల తువ్వాళ్లూ శుక్రవారం సాయంత్రమే వ్యాను ఎక్కేస్తాయి. శనివారానికి మిగిలేవి కర్టెన్లు, టేబుల్ గుడ్డలు. అందుకని ఆ రోజు అందరూ కొంచెం సరదాగా ఉంటారు, నేను తప్ప. నేను ఇస్త్రీ విభాగానికి పెద్దని. ఎవరైనా నవ్వుతూ కనిపిస్తే నాకు ఒళ్లు మంట అని వెనకాల అనుకుంటారట. అనుకోనీ. ముడత పడ్డ దుప్పటి వెనక్కి వస్తే చీవాట్లు తినేది నేనే కదా.

ఎనిమిది పెద్ద డ్రమ్ములు ఒకేసారి తిరుగుతుంటే ఆ హాల్లో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. చేతులతోనే మాట్లాడుకుంటాం. రెండు వేళ్లెత్తితే రెండో డ్రమ్ము ఖాళీ చెయ్యమని, పిడికిలి చూపిస్తే సబ్బు ఆపమని. కొత్తగా చేరినవాళ్లు వారం రోజులు తలనొప్పితో చస్తారు. తర్వాత అలవాటు పడిపోతారు. కానీ సాయంత్రం డ్రమ్ములు ఆపేశాక చెవుల్లో గుయ్‌మని ఒక మోత మిగిలిపోతుంది. అందరికీ అంతే. ఆ మోతలో ఏవేవో వినిపిస్తాయి. పాత పాట ఒకటి వినిపించినట్టు, ఎవరో పిలిచినట్టు ఉంటుంది. దాన్నెవరూ పట్టించుకోరు.

మా తమ్ముడు ఆ డ్రమ్ముల దగ్గరే పనిచేసేవాడు. ఆ మోత వాడికి మందులతో పాటు ఇంకో మందులా పనిచేసిందని నా నమ్మకం. వాడి చెవిలో మాట్లాడేవాళ్లకి కూడా అక్కడ గొంతు లేచేది కాదేమో.

చెప్పాల్సిన మాట చెప్పేస్తాను. వాడికి స్కిజోఫ్రీనియా. ఈ మాట నేను ఎనిమిదేళ్లు నాలుక చివర దాకా కూడా రానివ్వలేదు. చదువు ఆఖరి ఏడాదిలో మొదలైంది. గోడ అవతల కూర్చుని ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని గోడకి చెవి ఆనించి కూర్చునేవాడు. వెంటిలేటర్ సందుల్లో కాగితాలు కుక్కేవాడు. ఆసుపత్రిలో పెట్టాం. మందులు పడ్డాయి. ఆరు నెలలకి మనిషి మనిషయ్యాడు. అమ్మ మనసు ఆగక మా మేనత్త ఒక్కదానికే చెప్పుకుని ఏడ్చింది. వారం తిరక్కుండా నాకు కుదిరిన పెళ్లి తప్పిపోయింది. "మీ ఇంట్లో ఆరోగ్యాలు అంత బాగాలేవట కదా" అన్నారు, అంతకుమించి ఒక్క మాట లేదు. ఇంటాయన ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. పైవాటాలో ఉండే పిల్లల తల్లి మమ్మల్ని చూస్తే మెట్ల మీదే ఆగి, మేం వెళ్లాక దిగేది. అమ్మ ఆ బాధతోనే పోయింది.

తర్వాత వాణ్ణి తీసుకుని ఈ ఊరొచ్చాను. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ థైరాయిడ్ అని చెప్పాను. వాడి మాత్రలు విటమిన్ల సీసాలో పోసి, ఆసుపత్రి సీసా దూరంగా పారేసి వచ్చాను. వాడు అందరిలా నెల తిరిగేసరికి జీతం తెచ్చుకుని, పది మందితో కలిసి టీ తాగే మనిషి కావాలి. నాకు కావలసిందల్లా అదే. దానికోసం నేను ఎంత అబద్ధమైనా ఆడగలనని అప్పటికే తెలుసు.

డాక్టరు ఒక పద్ధతి నేర్పాడు. ఏదైనా వినిపించి అనుమానం వస్తే, నమ్మకమున్న మనిషిని అడగమన్నాడు. మేం దాన్ని ఒక్క మాటకి కుదించేశాం. వాడు "ఉందా?" అంటాడు. నేను "ఉంది" అనో "లేదు" అనో అంటాను. బస్సులో, బజార్లో, పని దగ్గర, ఎవరికీ అర్థం కాకుండా ఇదే. ఒకసారి కూరల కొట్టు దగ్గర పాలిపోయిన మొహంతో "ఉందా?" అన్నాడు. "ఉంది రా బాబూ, నీ ఫోనే. ముందు ఎత్తు" అన్నాను. ఇద్దరం ఇల్లు చేరేదాకా నవ్వుకున్నాం. ఎనిమిదేళ్లలో నేను ఒక్కసారి కూడా వాడికి తప్పు చెప్పలేదు. ఆ సంగతి నాకు చాలా గర్వంగా ఉండేది.

అదే డాక్టర్ని నేనూ ఒకటి అడిగాను. నాకూ వస్తుందా అని. "తోబుట్టువులకి మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువ అవకాశం ఉంటుందమ్మా. అంతే. భయపడాల్సిందేం లేదు" అన్నాడు. నేను మొదటి వాక్యం మాత్రమే ఇంటికి తెచ్చుకున్నాను.

మా లాండ్రీలో చిరుగులకి మాసికలు వేసే పెద్దావిడ ఉండేది. అందరం సూది పిన్ని అనేవాళ్లం. అరవై ఐదు దాటాయి, ఆయాసం ఉంది, నోరు మాత్రం ఆరోగ్యంగా ఉంది. బాయిలర్ దగ్గర పనిచేసే ఆయన్ని "నీకంటే నీ బాయిలరే నయం, వేడెక్కితే కూతైనా కూస్తుంది" అని ఏడిపించేది. ఒకరోజు భోజనాల వేళ మా వాడు గోడవైపు తిరిగి పెదాలు కదుపుతుంటే చూసింది.

"ఎవరితో నాయనా మాటలు?" అంది.

వీడు ఉన్నమాట చెప్పేశాడు. "ఎవరో తెలీదు పిన్నీ. అప్పుడప్పుడూ వస్తారు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పిన్ని మాత్రం తాపీగా నీళ్లు తాగి, "నా దగ్గరికి మా ఆయన వస్తాడు. పోయి పదకొండేళ్లయింది. కూరలో ఉప్పెక్కువైందని ఇప్పటికీ సణుగుడే. బతికున్నప్పుడూ అంతే, చచ్చి బాగుపడిందేం లేదు" అంది.

మా వాడు పళ్లు కనపడేలా నవ్వాడు. అలా నవ్వి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఆవిడకి పది సూదుల్లో దారం ఎక్కించి పెట్టేవాడు. ఆవిడకి చూపు ఆనేది కాదు. పిన్ని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాతో కూడా మళ్లీ ఎత్తలేదు.

ఇక ఆ శనివారం. ఆదివారం ఎటూ సెలవు. సోమవారం పండగని అది కూడా సెలవిచ్చారు. అంటే శనివారం మూడింటికి షట్టర్ దించితే మళ్లీ ఎత్తేది మంగళవారం పొద్దున. ఆ వారంలోనే మేనేజరు నన్ను పక్కకి పిలిచి, "మీ తమ్ముడు ఒక్కడే మాట్లాడుకుంటున్నాడని ఎవరో అన్నారమ్మా. ఏం లేదు కదా?" అని అడిగాడు. "పాటలు పాడుకుంటాడండీ, గొంతు బాగోదని లోపల లోపలే" అన్నాను. ఆయన నవ్వాడు, కానీ ఆ నవ్వు కళ్ల దాకా వెళ్లలేదు. అప్పట్నుంచి వాణ్ణి గమనిస్తూనే ఉన్నాడు.

మా భవనం కింద పాత దుప్పట్ల గది ఉంది. వాడకానికి పనికిరాని దుప్పట్లన్నీ అక్కడ పోగుపడి ఉంటాయి. మాసికల గుడ్డ కోసం పిన్ని, తుడుచుకోవడానికి పాతగుడ్డల కోసం బాయిలరాయన వెళ్తుంటారు. కిటికీ లేదు. నిండా నూలు ధూళి. ఇనుప తలుపు గడియ పెట్టకపోతే నిలవదు, తెరుచుకుని దబ్బున గోడకి కొట్టుకుంటుంది. అందుకని ఆ దారిన ఎవరు వెళ్లినా, తలుపు తీసి కనిపిస్తే బయట గడియ పెట్టేస్తారు. లోపల ఎవరున్నారని చూడరు. అందరికీ అది చేతి అలవాటైపోయింది. నాక్కూడా.

మూడయింది. డ్రమ్ములు ఒక్కొక్కటే ఆగాయి. ఎనిమిదోది ఆగేసరికి హాలంతా ఒక్కసారి పెద్దదైపోయినట్టనిపించింది. లైట్లు తీసేశాం. ఆవిరి పట్టిన అద్దాల్లోంచి మసక వెలుగు. తడి గుడ్డ వాసన, బ్లీచింగ్ వాసన. స్టాండ్ల మీద కర్టెన్లు కదలకుండా వేలాడుతున్నాయి. పనివాళ్లంతా బిలబిలమంటూ వెళ్లిపోయారు. పిన్ని బల్ల దగ్గర చూశాను. సంచీ లేదు. వెళ్లిపోయిందనుకున్నాను.

మేనేజరు తాళాల గుత్తి ఆడిస్తూ షట్టర్ దగ్గర నిలబడ్డాడు. బయట రోడ్డు మీద బళ్ల చప్పుడు. నేను చేతిసంచీ తీసుకుని వెనక్కి తిరిగేసరికి మా వాడు కిందికి దిగే మెట్ల దగ్గర ఆగిపోయి ఉన్నాడు. తల కాస్త పక్కకి వంచి.

"రా రా, ఆయన తాళం వేసుకోవాలి" అన్నాను.

వాడు కదల్లేదు. నేను దగ్గరికి వెళ్లాను.

"అక్కా..." గుసగుసగా అన్నాడు. "పిన్ని పిలుస్తోంది. కింద నుంచి."

పిన్ని బల్ల వైపు మరోసారి చూశాను.

"ఉందా?" అన్నాడు.

విన్నాను. మొదట చెవుల్లో మోత ఒక్కటే. గుయ్... గుయ్... దాని కింద ఏమీ లేదు. ఆ తర్వాత...

టక్.

కాసేపు నిశ్శబ్దం.

టక్... టక్.

ఇనుము మీద ఇనుము. ఆ వెనకే ఒక గొంతు. ఎంతో సన్నగా, ఊపిరి చాలక మధ్యలోనే తెగిపోతూ.

"నాయనా... తలుపు..."

వినిపించింది. నాకు వినిపించింది. సంచీ లేని బల్ల, వెళ్లిపోయిన మనిషి, చెవుల్లో మోత... మరి ఇదేమిటి? వాడు చెప్పిందే నాకూ వినిపించింది. తోబుట్టువులకి కాస్త ఎక్కువ అవకాశం.

"ఏంటమ్మా, ఏమంటున్నాడు?" మేనేజరు షట్టర్ దగ్గర నుంచి కేకేశాడు. ఆయన చెవుల నిండా రోడ్డే ఉన్నట్టుంది. మా వాడి మొహమే చూస్తున్నాడు.

కిందికి వెళ్దాం రండి అని ఆయన్ని పిలవాలి. పిలిచి, తలుపు తీసి, అక్కడ ఎవరూ లేకపోతే? అక్కాతమ్ముళ్లిద్దరూ అంతే అంటారు. వాడి ఉద్యోగం, పది మందితో తాగే టీ, అన్నీ ఆ మెట్ల మీదే పోతాయి. ఇదంతా ఆలోచించడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు.

"లేదు" అన్నాను.

వాడు నా కళ్లలోకి చూశాడు. "లేదా?"

ఎప్పుడూ రెండోసారి అడిగేవాడు కాదు.

"లేదు రా. పద."

"సరే అక్కా" అన్నాడు. మోస్తున్న మూట దించుకున్నట్టు వాడి భుజాలు వాలాయి. ఇద్దరం బయటికొచ్చాం. మేనేజరు షట్టర్ లాగాడు.

మా ఇంటికీ లాండ్రీకీ మధ్య ఆరు బస్ స్టాపులు. సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే వినిపించింది. టక్. కుళాయి కట్టేశాను. టక్... టక్. గోడలోంచి కాదు, పక్కింట్లోంచి కాదు. ఎటు తిరిగినా అదే దూరంలో. సరే, నాకూ వచ్చేసిందన్నమాట అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు పిన్ని గుర్తు రాలేదు. నా తల గురించే భయం. గదిలోకి వెళ్లి రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చున్నాను. తలెత్తి చూస్తే గుమ్మంలో మా వాడు నిలబడి ఉన్నాడు. తన మాత్ర వేసుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున్నకి కొంచెం ధైర్యం కూడగట్టుకున్నాను. మేనేజరుకి ఫోన్ చేశాను.

"కళ్లజోడు మర్చిపోయానండీ లోపల. తాళం ఇప్పిస్తారేమో అని..."

"మంగళవారం చూసుకుందాం అమ్మా. నేను మా అత్తగారింట్లో ఉన్నాను" అన్నాడు. కాస్త ఆగి, "ఇంకేమైనా చెప్పాలా?" అన్నాడు.

ఒక్క మాట. లోపల మనిషి ఉన్నట్టుందండీ. ఆ మాట పెదవి దాకా వచ్చింది. ఎలా తెలుసని అడుగుతాడు. నాకు వినిపించిందని చెప్పాలి. ఆరు స్టాపుల అవతల ఇంకా వినిపిస్తూనే ఉందని చెప్పాలి.

"ఏం లేదండీ" అని పెట్టేశాను.

పోనీ పిన్ని ఇంటికి వెళ్లి చూద్దామనుకున్నాను. ఆవిడకి ఫోను లేదు, ఇల్లెక్కడో నాకు తెలీదు. ఎన్నోసార్లు చెప్పింది. ఏదో మందుల షాపు వెనక సందు అని, మేడ మీద ఒంటి గది అని. ఎప్పుడూ సగమే విన్నాను.

మధ్యాహ్నం ఇద్దరం ఉతికిన బట్టలు మడతపెడుతున్నాం. చప్పుడు వస్తూనే ఉంది. కానీ నెమ్మదించింది. ఒక టక్‌కీ ఇంకో టక్‌కీ మధ్య చొక్కా మొత్తం మడత పెట్టేంత సేపు పడుతోంది. నేను తలెత్తకుండా మడతలు వేస్తున్నాను.

టక్.

ఒక చొక్కా. ఇంకో చొక్కా...

టక్.

ఒకటి. రెండు. మూడు. నాలుగు...

రాలేదు. నా చేతిలో తువ్వాలు అలాగే ఉంది. గడియారం వైపు చూశాను. రెండూ పది.

మా వాడు తన చేతిలో చొక్కాని మంచం మీద పెట్టాడు. దాని కాలర్ సర్దాడు.

"ఆగిపోయింది కదక్కా" అన్నాడు మెల్లిగా.

"ఏది?" అన్నాను.

వాడు ఇంకో చొక్కా అందుకున్నాడు.

మంగళవారం షట్టర్ పూర్తిగా లేవకముందే మా వాడు వంగి లోపలికి దూరాడు. లైట్లు కూడా వెయ్యలేదు. నేను వెనకాలే పరిగెత్తాను కానీ మెట్ల పైనే ఆగిపోయాను. కింద గడియ తీసిన చప్పుడు. తలుపు దబ్బున గోడకి కొట్టుకుంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. మేనేజరూ, ఇంకో ఇద్దరూ నన్ను తోసుకుంటూ దిగారు.

పిన్ని తలుపు పక్క గోడకి ఆనుకుని కూర్చున్నట్టే ఉందట. ఒళ్లో సంచీ. కుడిచేతిలో గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర. తలుపు లోపలివైపు, నడుము ఎత్తున, రంగంతా పెచ్చులు లేచిపోయి ఇనుము బయటపడిందట. ఇవన్నీ ఇతరులు చెప్పుకుంటుంటే విన్నవే. మెట్ల పైనుంచి నేను చూసింది ఒక్కటి. మా వాడు నేల మీద కూర్చుని ఆవిడ కాళ్ల మీద ఒక దుప్పటి కప్పి, అంచులు సరిచేస్తున్నాడు.

పోలీసులొచ్చారు. అందరికంటే ముందు నువ్వే ఎందుకు కిందికెళ్లావని ఇన్‌స్పెక్టర్ వాణ్ణి అడిగాడు. వాడికి అబద్ధం చెప్పడం రాదు, నేను నేర్పలేదు.

"శనివారం పిన్ని పిలిచింది సార్. నాకు వినిపించింది. మా అక్కని అడిగాను. లేదంది. అక్క లేదంటే లేనట్టే."

ఇన్‌స్పెక్టర్ నావైపు తిరిగాడు. హాల్లో పాతిక మంది ఉన్నారు. "మీకేమైనా వినిపించిందామ్మా?"

"లేదండీ" అన్నాను.

తర్వాత వాడి సంచీ దులిపారు. విటమిన్ల సీసా దొరికింది. ఎవరో మాత్ర మీద అక్షరాలు ఫోన్‌లో కొట్టి చూశారు. భోజనాల వేళకి అందరూ చెవులు కొరుక్కుంటున్నారు. శుక్రవారం దాకా వాడి చేతి టీ లాక్కుని తాగిన ఇస్త్రీ అమ్మాయి వాడు పక్కనుంచి వెళ్తుంటే గోడకి అతుక్కుపోయింది. "పిచ్చోడు. వాడే గడియ పెట్టుంటాడు" అన్నారు. ఎనిమిదేళ్లు నేను దాచింది ఒక్క పూటలో పోయింది. పిన్నీ పోయింది, ఆ రహస్యమూ పోయింది. నేను లేదన్నందుకు నాకేం మిగిలిందో మీరే చెప్పండి.

వాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లారు. సాయంత్రం బాయిలరాయన తనంతట తానే స్టేషన్‌కి వచ్చి తల బాదుకుని ఏడ్చాడు. శనివారం రెండున్నరకి పాతగుడ్డల కోసం దిగాడట. తలుపు తీసుందట. అడ్డంగా దుప్పట్ల గుట్టలు, వాటి వెనక పిన్ని వంగి గుడ్డ ఏరుకుంటోంది కాబోలు, కనపడలేదట. వస్తూ వస్తూ గడియ పెట్టేశాడు. డ్రమ్ముల మోతలో ఆవిడ ఎంత అరిచినా ఎవరికి వినపడుతుంది? ప్రాణం ఆదివారం మధ్యాహ్నం రెండు ప్రాంతంలో పోయిందని డాక్టర్లు తేల్చారు.

మా వాణ్ణి వదిలేశారు. ఉద్యోగం మాత్రం పోయింది. "వాడి మీద మాకు కోపం లేదమ్మా. మిగతావాళ్లు భయపడుతున్నారు" అన్నాడు మేనేజరు. "మీరుండండి. మీకేం, మీరు బాగానే ఉన్నారుగా."

ఉన్నాను. ఎనిమిది డ్రమ్ములూ పూర్తి జోరు మీద తిరుగుతున్నప్పుడు, పక్కమనిషి మాట వినపడని ఆ మోతలో, నాకది స్పష్టంగా వినపడేది. టక్. ఆ వెనకే ఆయాసం. పిల్లి కూత లాంటి ఊపిరి, మెడ వెనక. తిరిగి చూస్తే ఆవిరి. ఒకరోజు నా ఇస్త్రీ బల్ల కిందనుంచి వచ్చింది, "నాయనా..." అని. అది వాడి కోసం పిలుపు. వాడు అక్కడ లేడని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు. పది రోజులకి నేనూ మానేశాను. అదీ నాతో ఇంటికొచ్చేసింది.

ఒక మధ్యాహ్నం నేను వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంటే మా వాడొచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, ఒకటి అడగనా? ఆ రోజు నిజంగా లేదా?"

ఇన్‌స్పెక్టర్‌తో అన్నంత తేలిగ్గా ఈసారి రాలేదు.

"ఉంది రా" అన్నాను.

"నువ్వు విన్నావు."

"విన్నాను."

"మరి?"

"భయమేసింది. నీకొచ్చిందే నాకూ వచ్చిందేమోనని..."

అనేశాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. ఒక మనిషి లోపల ఊపిరాడక చస్తున్నా సరే, నేను మాత్రం వాడిలా కాకూడదు. అదే కదా నేను అన్నది. వాడి మొహం మీదే అన్నాను. వాడి కోసమే దాచానని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. వాణ్ణి చూసి మెట్ల మీద ఆగిపోయిన ఆ పైవాటా ఆవిడకీ నాకూ ఏం తేడా లేదు. దుఃఖం ముంచుకొచ్చి నేల మీద పడి ఏడ్చాను.

"నాలా అయిపోతాననా?" అన్నాడు. కోపం లేదు. అదేదో కొత్త సంగతి తెలుసుకున్నట్టు అడిగాడు. తర్వాత లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు.

"తాగు. ఇప్పుడూ వినిపిస్తోందా?"

తలూపాను.

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు నుంచే."

"డాక్టరు దగ్గరికి వెళ్దాం. భయం లేదు. నేను తోడొస్తాను."

ఎనిమిదేళ్ల క్రితం గోడకి చెవి ఆనించి కూర్చున్న వాడితో నేనన్న మాటలే అవి. వాడు మర్చిపోలేదు.

మర్నాడు పదకొండింటికి వెళ్లాం. పట్టపగలు. వరండాలో పొడుగాటి చెక్క బెంచీలు, జనం, ఎవరిదో పసిపిల్ల ఏడుపు. మా బెంచీ మీద మేమిద్దరమే. గోడవైపు నేను, పక్కన వాడు, వాడికి అటుపక్క మా ఫైలు. ఇంత వెలుతురులో, ఇంతమందిలో రాదులే అనుకున్నాను.

వచ్చింది. ముందు దూరంగా, వరండా ఆ చివర. టక్. తర్వాత ఇంకాస్త దగ్గర. ఊపిరి కూత. ఒక అడుగు... ఆయాసం తీర్చుకోవడానికి ఆగడం... ఇంకో అడుగు. మా బెంచీ దగ్గరికొచ్చి ఆగిపోయింది. నూలు ధూళి వాసన. నాకు తలెత్తే ధైర్యం లేదు. మా వాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఒరేయ్..." అన్నాను. "ఉందా?"

నా జీవితంలో ఆ మాట అడగడం అదే మొదటిసారి. వాడు బెంచీ ఆ చివర వైపు తల తిప్పాడు. చాలాసేపు చూశాడు. పెదాలు కొద్దిగా కదిలాయి.

"లేదక్కా" అన్నాడు.

"నిజంగా?"

"లేదు. ఏమీ లేదు."

ఆ మాట పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాను. వాడు లేదన్నాడు. వాడికి అబద్ధం రాదు. అంటే నాదంతా జబ్బే. మందులున్నాయి, తగ్గుతుంది. నాకు దాదాపు సంతోషం వేసింది.

అప్పుడు వాడు ఫైలు తీసి ఒళ్లో పెట్టుకుని, నావైపు జరిగాడు. వాడి భుజం నా భుజానికి గట్టిగా ఆనింది. అటుపక్క ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీ అయింది.

టీ కప్పు పట్టుకుని ఒక లావుపాటాయన వచ్చి ఆ ఖాళీలో కూర్చోబోయాడు. మా వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. నాకు వినపడకూడదని గొంతు బాగా తగ్గించి, "ఇక్కడ కాదండీ. పెద్దావిడ కూర్చున్నారు" అన్నాడు.

ఆ లావుపాటాయన మా వాడి మొహం కేసి చూడలేదు. నాకేసీ చూడలేదు. బెంచీ చివర ఖాళీ వైపే చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అయ్యో, చూసుకోలేదమ్మా" అని, వెళ్లి ఎదురుగోడ పక్కన నిలబడ్డాడు.